ఓడలో మస్టరు

ఊరికే వచ్చేదేదైనా నాకు అనుమానమే. అందుకని మా అక్క కూతురు సునీత బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "చిన్నమ్మా, నువ్వూ మాయమ్మా ఓడెక్కి మూడు దినాలు సముద్రంలో తిరిగి రండి, మా ఆఫీసుకు రెండు టికెట్లు ఊరికే వచ్చినాయి" అన్నప్పుడు, సంతోషపడాల్సిన చోట నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఇచ్చినవాళ్లు తాము పోకుండా మమ్మల్నెందుకు పొమ్మంటున్నారు? సునీత ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ నాలాంటివాళ్లకు జవాబులు చెప్పి చెప్పి ఓపిక అరిగిపోయిన పిల్ల. "చిన్నమ్మా, నువ్వు ఇన్నేండ్లూ మదనపల్లెలో టీచరు పని సేసినావా, పోలీసు పని సేసినావా?" అని అడిగింది. చెన్నైలో ఎక్కిస్తారట, విశాఖపట్నం చూపించి మళ్లీ చెన్నైలోనే దించుతారట, తిండీ పడకా అన్నీ టికెట్‌లోనే ఉంటాయట. ఈ 'అట'లన్నీ విన్నాక నాకున్న కాస్త నమ్మకం కూడా తగ్గింది.

అక్క ఒప్పుకోదులే అనుకున్నాను. మా అక్క రత్నమ్మ నాకంటే ఆరేళ్లు పెద్ద. రామకుప్పం దగ్గర పల్లెలో ఉంటుంది. ఆ పక్క అడవిలోంచి ఏనుగులు దిగి రాగి చేలూ కూరగాయల తోటలూ తొక్కేసి పోతుంటాయి కాబట్టి, పంట చేలో ఉన్నన్నాళ్లూ ఆమె ఊరు కదలదు. ఆమె మొగుడు మా అమ్మకు సొంత తమ్ముడు, మాకు మేనమామ. ఆయనైతే అసలే కదలడు. కానీ అక్క, "కోత అయిపోయింది, సేన్లో ఏమీ లేదు, వస్తా పో" అనేసింది. నేను మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరి, అక్కణ్ణుంచి అక్కను తోడు తీసుకుని చెన్నై రైలెక్కాను. రైల్లో అక్క చీర కొంగులో ముడి విప్పి చూపించింది. ఇంట్లోంచి తెచ్చుకున్న చిటికెడు మట్టి. ఎందుకే అంటే, "సముద్రం మీద మట్టి ఉండదు గదా" అంది. 

రేవులో మా ఆధార్ కార్డులు తీసుకుని చూశారు, ఫోటోలు తీశారు, సంచుల్ని మిషన్లోకి తోశారు. అక్క బియ్యప్పిండితో కాల్చిన నిప్పట్లూ మామిడికాయ ఊరగాయ సీసా కట్టుకొచ్చింది. నిప్పట్లు వదిలారు కానీ, ఊరగాయను పక్కన పెట్టుకుని చీటీ ఇచ్చారు, తిరిగొచ్చేటప్పుడు తీసుకోమని. "మనం తింటామని కాదు మే, వాళ్లు తిందామని పెట్టుకున్నారు" అని అక్క నా చెవిలో చెప్పింది. అందరికీ మెడలో వేసుకోను ఒక కార్డు ఇచ్చారు. తలుపు తియ్యాలన్నా, అన్నం తినాలన్నా, ఓడ దిగాలన్నా అదే చూపించాలట. మా దగ్గరున్నవన్నీ చూసుకుని, మాకో గుర్తు తగిలించి లోపలికి తోలుతున్నారని నాకు లోలోపల ఒకటే గుబులు. ముందున్నవాళ్లు మాత్రం పెళ్లికి పోతున్నట్టు నవ్వుకుంటూ పోతున్నారు.

ఎక్కగానే భోజనం. అంత తిండి ఒకచోట నేనెప్పుడూ చూడలేదు. రొట్టెల్లోనే లెక్కలేనన్ని రకాలు, గోధుమవే ఇన్ని రూపాలుగా చెయ్యొచ్చని నాకు తెలీదు. ఎవరికి వాళ్లు కావలసినంత పెట్టుకుంటున్నారు, అడిగేవాడు లేడు. అక్క పళ్లెం నింపుకొచ్చి బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్ని చూస్తూ కూర్చుంది. నాకు మా అవ్వ కళ్ల ముందుకొచ్చింది. మా నాయనను కన్న తల్లి ఆమె. ఎవరేమిచ్చినా చేతిలోకి తీసుకునేది కాదు. "ఆడ పెట్టు" అనేది. పెట్టాక కాసేపు దాన్నీ, ఇచ్చినవాళ్ల మొహాన్నీ చూసేది. వాళ్లు వెళ్లిపోయాక తీసుకునేది. పక్కింటి పాలు ముక్కు దగ్గర పెట్టుకోకుండా పొయ్యి మీద పెట్టిందే లేదు. వక్కాకు నములుతూనే మాట్లాడేది, ఎదుటివాళ్లది అబద్ధమని అనుమానమొచ్చినా, తను అబద్ధమాడాల్సొచ్చినా నమలడం ఆపేసేది. మేమిద్దరం ఆమె చేతుల్లో పెరిగినవాళ్లం. ఆమె గుణం మాలో చెరి సగం వచ్చిందని అమ్మ అంటుండేది.

"ఊరికే ఇంత తిండి యాల పెడతాండారు?" అంది అక్క.

"ఊరికే కాదు, టికెట్‌లో ఉండాది" అన్నాను.

"టికెట్టే ఊరికే వచ్చినాది గదా."

మా గదికి పోయేసరికి పడక మీద ఏనుగు ఉంది. తెల్లటి తువ్వాలును మడిచి మడిచి తొండమూ చెవులూ పెట్టి, నల్ల కళ్లు అతికించి, ముచ్చటగా కూర్చోబెట్టారు. మిగతావాళ్లయితే ఫోటోలు తీసుకుంటారేమో. మా అక్క గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది ఈడికి గూడా వచ్చిందే!" అంది. పోయి దాని తొండం పట్టుకుని ఒక్క గుంజు గుంజి విదిలించి, మామూలు తువ్వాలులాగా నాలుగు మడతలు పెట్టి మేకుకు తగిలించింది. గది ఊడ్చే పిల్లవాడెవరో నేపాలీ, తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏడాది పంటను ఒక్క పూటలో తిని తొక్కి పోయే జంతువు పడక మీద కూర్చుంటే మాకు ముచ్చటెక్కడిదని అతనికి ఎలా చెప్పేది? నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం మంచం కింద కూడా వంగి చూసింది.

అప్పుడు మొదలైంది మైకు. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి. ఓడ కదలకముందే అందరూ మస్టర్ స్టేషన్‌కు రావాలి, మస్టర్‌లో ఎవరి పేరు పిలిస్తే వాళ్లు పలకాలి, రానివాళ్లుంటే ఓడ కదలదు. ఓడకు ప్రమాదమొస్తే ఎక్కడ నిలబడాలో, నీళ్లలో తేలే చొక్కా ఎలా తొడుక్కోవాలో నేర్పించడమది. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి అర్థమైంది. అక్కకు ఆ మాటల్లో అర్థమైంది ఒక్కటే, మస్టరు.  లేచి నిలబడి, చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి, కొంగు నడుముకు చుట్టి గట్టిగా దోపుకుంది.

"నేను అప్పుడే అనుకుంటి" అంది. "ముందు కడుపునిండా పెట్టి, ఇప్పుడు మస్టరు పిలస్తాండారు. ఏం పని సేయిస్తారంట? గిన్నెలు తోమాల్నా?"

ఆ మాట విని ఎవరైనా పల్లెటూరి అమాయకత్వమనుకుంటారు. మా పక్కన కరువు పనులకు పోయి మట్టి మోసినవాళ్లెవరూ అట్లా అనుకోరు. మస్టరు అంటే మాకు ఒకటే అర్థం. పొద్దున్నే రోడ్డు పని దగ్గర కూలీల పేర్లు చదివే కాగితం అది. పేరు పిలిస్తే "ఉండా" అని అరవాలి. పలికితే ఆ రోజు గంప నెత్తికెత్తుకోవచ్చు, పలకకపోతే ఇంటికి పోవచ్చు. ఇది ఆ మస్టరు కాదని చెప్పి, చెయ్యి పట్టుకుని అక్కను పైకి తీసుకుపోయాను. దారిపొడుగునా ఆమె కొంగు దోపు మాత్రం విప్పలేదు.

పైన పడవలు వేలాడే చోట మమ్మల్ని వరసల్లో నిలబెట్టారు. ఒక అమ్మాయి కాగితం పట్టుకుని పేర్లు చదువుతోంది. నా పేరు పిలిస్తే పలికాను. తర్వాత "రత్నమ్మ" అంది. అక్క పలకలేదు. ఇంకోసారి పిలిచింది. అక్క తల వంచుకుని నేలకేసి చూస్తోంది. "పలుకక్కా, నిన్నే" అని మోచేత్తో పొడిచాను. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. మూడోసారి పిలిచాక నేనే అక్క చెయ్యి పైకెత్తి చూపించాను. అమ్మాయి నవ్వి టిక్కు పెట్టుకుని పక్క పేరుకు పోయింది. గదికి తిరిగొస్తుంటే, చెవిటిదానివైపోయావా అని కసిరాను. అక్క నిదానంగా, "మస్టర్లో నా పేరు ఎప్పుడుండింది మే, పలికే దానికి?" అంది.  యాభై ఏళ్లకు పైగా మేమిద్దరం ఒకరితో ఒకరం ఎన్నడూ ఎత్తని మాట అది.

ఆ సంగతి చెప్పాలంటే కరువు సంగతి చెప్పాలి. నాకప్పుడు ఏడేళ్లు, అక్కకు పదమూడు. పుంగనూరు దగ్గర మా పల్లెలో బావులన్నీ అడుగంటిపోయాయి. నాయన ఎద్దుల జతను కాపాడుకోవాలని కోలారు వైపు గడ్డి దొరికే దిక్కుకు తోలుకుపోయాడు. మా ఊరి నుంచి పుంగనూరు దారి దాకా మట్టి రోడ్డు వేసే పని పెట్టారు. అందులో అమ్మ పేరు మొదటి రోజే ఎక్కింది. చెంగమ్మ. కూలి కొంత డబ్బు, కొంత గోధుమలు. గోధుమలు మాకు కొత్త. అవ్వ వాటిని నమ్మలేదు. మూడు నీళ్లు కడిగి, రాత్రంతా నానబెట్టి, వడ్ల బియ్యంలాగా ఉడకేసేది. ఎంత ఉడికినా పళ్ల కింద రబ్బరులా సాగేవి. రాగి సంగటి వాసన పుట్టి పెరిగిన ఇంట్లో ఆ ఉడుకు వాసన పరాయిదిగా ఉండేది. అయినా ఆ గోధుమలే మమ్మల్ని బతికించాయి. నెల తిరక్కుండానే అమ్మకు దగ్గు ముదిరి రక్తం పడింది. మదనపల్లె దగ్గర మిషన్ ఆస్పత్రిలో చేర్చారు. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరన్నారు. కొత్త పేర్లు రాసుకోవడం అప్పటికే ఆపేశారు, పెద్దవాళ్లు తప్ప పిల్లలు పనికి రాకూడదని చెప్పారు. మస్టర్‌లో అమ్మ పేరు మాత్రం అట్లాగే ఉంది. అవ్వకు నడుము వంగిపోయింది, గంప ఎత్తలేదు. అందుకని అక్కకు అమ్మ చీర కట్టి పంపింది.

అక్క వయసుకు మించి పొడుగు. అమ్మ చీర కుచ్చెళ్లు ఎక్కువ పోసి కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, తలకు గుడ్డ చుట్టుకుని పోయేది. "చెంగమ్మా" అంటే "ఉండా" అనేది. పేర్లు పిలిచే గుమాస్తాకు తెలుసు, కూలీలందరికీ తెలుసు, ఎవరి ఇబ్బందులు వాళ్లవి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఇక మిగిలింది నేను. మధ్యాహ్నం కూటి ముంత తీసుకుపోయేది నేను కదా, అందుకని అవ్వ నాకు రోజూ పాఠం చెప్పేది. పొద్దున్నే నన్ను కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, తలకు ఆముదం మర్దించి జడ లాగుతూ అడిగేది.

"రోడ్డు కాడ దాన్ని ఏమని పిలస్తావు?"

"అమ్మా అని."

"ఆపీసరు వచ్చి అడిగితే?"

"మాయమ్మ, పేరు చెంగమ్మ."

"అక్కా అంటే?"

"గోదుమలు ఇయ్యరు."

తప్పు చెబితే జడ గట్టిగా గుంజేది. కొన్నాళ్లకు ఇంట్లో కూడా అక్కా అనొద్దంది, అలవాటు తప్పుతుందని. తనూ దాన్ని "చెంగీ" అనే పిలిచేది. ఈ రోజుకీ ఎక్కడైనా ఆముదం వాసన తగిలితే ఈ ప్రశ్నలు నా చెవిలో పడతాయి.

ఇప్పుడు మనసు విప్పి చెప్పాలి. ఇన్నేళ్లూ అందరూ నేను ఏమీ తెలియని పసిబిడ్డననుకున్నారు. నాకు ఏడేళ్లకే అవ్వంత అనుమానం. అమ్మ ఆస్పత్రికి పోయిన మర్నాడే అవ్వ ఆమె పడుకునే చాపను దిబ్బలో వేసి కాల్చింది. ఆమె తినే పళ్లేన్ని కడిగి అటక మీద బోర్లించింది. రోగం అంటుకోకుండా అట్లా చేస్తారని నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన ఆడవాళ్లు నన్ను చూడగానే మాటలు ఆపేసి నా తల నిమిరేవాళ్లు. అమ్మ ఎట్లుండాదని అడిగితే అవ్వ ఎప్పుడూ ఒకటే అనేది, "బాగుండాది." ఒక అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆమె చీర అక్క కట్టుకుంది, ఆమె పేరు అక్క పెట్టుకుంది, ఇప్పుడు ఆమెను పిలిచే పిలుపు కూడా అక్కకే ఇమ్మంటున్నారు. అమ్మ చచ్చిపోయింది, నా దగ్గర దాచిపెడుతున్నారు, అక్కను అమ్మను చేసి నాకు అలవాటు చేస్తున్నారు. నేను తేల్చుకున్న సంగతి ఇది. అమ్మా అని అక్కను పిలిచిన ప్రతిసారీ నిజం అమ్మను నా నోటితో నేనే ఇంకొంచెం చంపుతున్నట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. అనుమానమున్నవాళ్లు నోరు విప్పకూడదని కూడా అవ్వ దగ్గరే నేర్చుకున్నాను.

ఒకరోజు జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. బక్కపలచటి మనిషి, చేతిలో గొడుగు. మస్టరు కాగితం గుమాస్తా దగ్గర తీసుకుని తానే ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చాడు. అక్క ముందర ఆగాడు. "పేరు?" అన్నాడు. "చెంగమ్మ" అంది అక్క, గొంతు బరువు చేసుకుని. ఆయన నావైపు చూసి, "ఏం పాపా, మీ అమ్మేనా?" అన్నాడు. ముంత పట్టుకుని తలూపాను. ఆయన కాసేపు నిలబడి, సరేనని ముందుకు పోయాడు. గుమాస్తా ఊపిరి వదిలాడు. గండం గడిచిపోయింది. ఆయన ఒక పది అడుగులు వేసి ఉంటాడు. అక్క వెనక్కి తిరిగి గంప ఎత్తుకోబోతోంది. అప్పుడు నేను నా బలమంతా పెట్టి అరిచాను, "అక్కా!"

అక్క తిరిగి, "ఏంది మే?" అంది. ఆఫీసరూ తిరిగాడు.

ఆయన చెడ్డవాడు కాదు. పసిపిల్ల చేత మట్టి మోయిస్తున్నారని గుమాస్తాను కేకలేశాడు, కాగితం మీద గీత గీశాడు. అంతే. ఆ సాయంత్రం నన్ను ఎవరూ కొట్టలేదు. పసిబిడ్డ, నోరు జారిందన్నారు. అవ్వ కూడా అదే అంది. నోరు జారింది అనే మాటలో నేను దూరి దాక్కున్నాను. తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో మావాళ్లు ఆ కథ చెప్పుకుని నవ్వేవాళ్లు, "పద్మ నోరు జారి గోధుమలు పోగొట్టింది" అని. నేనూ నవ్వేదాన్ని.

పోయింది గోధుమలు మాత్రమే కాదు. కుండ ఖాళీ అయ్యేసరికి రామకుప్పం నుంచి మేనమామ వచ్చాడు. వాళ్ల బావిలో నీళ్లున్నాయి, ఇంట్లో రాగులున్నాయి. ఒక నోరు తగ్గుతుందని అవ్వ అక్కను ఆయన వెంట పంపింది. అక్క మళ్లీ మా ఇంటికి చుట్టంగానే వచ్చింది. మూడేళ్లకు మేనమామకే ఇచ్చి చేశారు. అమ్మ ఆస్పత్రి నుంచి బతికి వచ్చింది, నా భయమంతా వట్టిదని తేలిపోయింది, ఆ తర్వాత ముసలితనం దాకా బతికింది. ఇంటికొచ్చిన రోజు గడప దాటకుండానే "రత్న యాడ?" అని అడిగింది. ఊళ్లో బడి చదివినప్పుడు అక్క నాకంటే ఎంతో చురుకైనదని మా అయ్యవారు చివరిదాకా చెప్పేవాడు. నేను మదనపల్లె మిషన్ బళ్లో చదివి టీచరునయ్యాను. అక్క సంతకం పెట్టడానికి అక్షరాలు కూడబలుక్కుంటుంది. నా ఉద్యోగం, నా పింఛను, నా ఇల్లు, అన్నీ ఆ ఒక్క కేక మీద నిలబడ్డాయని నాకెప్పుడూ అనిపిస్తుంది. అక్క నాకు ప్రేమగా ఏమిచ్చినా, ఈమెకు తెలుసేమో, తెలిసే ఇస్తోందేమో అని చూసేదాన్ని. ఊరికే వచ్చేది ఏదైనా నాకు అనుమానమే అని మొదట్లో అన్నాను. ఆ అనుమానం నాకు అక్క దగ్గరే పుట్టింది.

రెండో రోజు ఓడ సముద్రం మధ్యలో ఉంది. నాలుగు దిక్కులా నీళ్లు, గట్టు అనేది లేదు. ఓడ పైన మళ్లీ ఒక నీళ్ల తొట్టి, అందులో జనం ఈత కొడుతున్నారు. "నీళ్ల మీద నీళ్లు మోసుకోని పోతాండారు" అంది అక్క. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలని నేల మాది. మదనపల్లెలో మా వీధి కొళాయి ఏ రోజు వస్తుందో దేవుడికి తెలియాలి. ఇక్కడ ఇంతమందికి స్నానాలకూ తాగడానికీ నీళ్లెక్కడివని పనివాణ్ణి అడిగితే, సముద్రం నీళ్లలో ఉప్పు తీసేస్తామన్నాడు. అక్క అతని మొహం చూసింది, గ్లాసు చూసింది, "ఆడ పెట్టు" అంది. ఒకప్పుడు గంప మట్టికి ఇన్ని గోధుమలని కొలిచి ఇస్తే, అందులో రాళ్లేరుకుని తిన్నాం. ఇప్పుడు ఎంత తిన్నా అడిగేవాడు లేడు, మిగిలింది పారేస్తున్నారు. అక్క మోసిన మట్టి రోడ్డు తారురోడ్డయింది. దాని మీద టమాటా లారీలు మార్కెట్ యార్డుకు పోతుంటాయి. అప్పటి కంటే ఇప్పుడు అన్నీ ఎక్కువే. మనుషులకు ఇదంతా ఒకనాటికి అయిపోతుందనే భయం లేదు, అదొక్కటే నాకు ఇక్కడ నమ్మబుద్ధి కావడం లేదు.

సాయంత్రం ఎండ తగ్గాక కుర్చీలు దగ్గరగా లాక్కుని కూర్చున్నాం. అక్క నిప్పట్టు విరిచి నాకు సగం ఇచ్చింది. తనే మాట ఎత్తింది. "నిన్న మస్టర్లో నా పేరు సదివినారు. పలకాలనే అనుకుంటి. నోరు రాలేదు. ఎవురినో పిలస్తాండారనిపించె." నా చేతిలో నిప్పట్టు అట్లాగే ఉండిపోయింది. ఇక్కడ కూడా చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసిపోయింది. లేచి పోవడానికి చోటు కూడా లేదు.

"అక్కా, ఆ పొద్దు నాకు నోరు జారలేదు. కావాలనే అరిచినా."

అక్క సముద్రం వైపే చూస్తోంది. నేను ఆగకుండా అంతా చెప్పేశాను. చాప కాల్చడం, పళ్లెం బోర్లించడం, అమ్మ చచ్చిపోయిందనుకోవడం, ఆమెను అమ్మా అని పిలవలేకపోవడం. ఆఫీసరు వెళ్లిపోతున్నా పనిగట్టుకుని పిలిచానని, చదువుకోవలసింది తనైతే చదువుకున్నది నేనని. ఏడుపొచ్చింది. ఈ వయసులో, అంతమంది మధ్య, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అక్క నా వీపు నిమరలేదు.

"నువ్వు పిలిస్తే ఏమయితాది?" అంది చివరికి. "ఆడ ఎంతమంది అక్కలుండిరి. ఎవురి సెల్లెలో ఎవురినో పిలిచిందనుకోని ఆయప్ప పోతా ఉండె. పలికింది నేను గదా."

నిజమే. యాభై ఏళ్లుగా ఆ కేకను ఎన్నిసార్లో తిరగేసి చూసుకున్నాను. అవతల జవాబు ఒకటుందని ఒక్కసారీ చూడలేదు.

"యాల పలికితివి?"

"అమ్మ సచ్చిపోయిందనుకుంటి, నేను గూడా. సచ్చిపోయినామె పేరుకు దినామూ ఉండా ఉండా అని పలకతాండానే అని బయంగా ఉండె. అవ్వనడిగితే బాగుండాది అనేది, అంతే. పలకగూడదని నాకు తెలుసు. తెలిసే పలికినా."

నా అలవాటు నన్ను వదల్లేదు. నన్ను ఊరడించడానికి ఇప్పుడు కల్పించి చెబుతోందేమోనని ఆమె మొహంలోకి వెతికి చూశాను. అక్క కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు, నావైపు తిరగలేదు. నిప్పట్టు నమలడం మాత్రం ఆపలేదు. అప్పుడు నమ్మాను. ఆ రోజుల్లో మేమిద్దరం ఒకే చాప మీద, ఒకే దుప్పటి కింద పడుకునేవాళ్లం. ఇద్దరి కడుపులోనూ ఒకే భయం. అటు తిరిగి ఒకరం, ఇటు తిరిగి ఒకరం. ఒక్క మాట అనుకుని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చి, పొద్దున్నే మదనపల్లె దారి పట్టి, ఆస్పత్రి గేటు దగ్గరైనా నిలబడి ఉండేవాళ్లం.

"మరి నాకు యాల చెప్పలేదక్కా? పక్కనే ఉంటిని గదా" అన్నాను. కోపమే వచ్చింది నాకు.

అక్క అప్పుడు నా వైపు తిరిగింది.

"నీకు తెలీదనుకుంటి. సిన్నబిడ్డవి. నీకైనా ఉండనీలే అమ్మ, అనుకుంటి."